ఆ మార్పు ఎవరు చేశారు?

ఒకే ప్రతి మీద నలుగురు కలం పెడితే ఏమవుతుంది? కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం మొదలుపెట్టి యాభై ఏళ్ళు దాటింది. ఆ సమాధానం నాకు కాస్త ఆలస్యంగా అందింది.

2009 వేసవిలో ఒక సోమవారం ఉదయం మా ఆఫీసులో మూడు వారాల పని మాయమైంది.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక సంస్థకు అనువాదాలు చేస్తున్నాను. వాతావరణమూ, ఎరువుల మోతాదులూ, మార్కెట్ ధరలూ రైతులకు తెలియజేసే ఒక ప్రోగ్రామును ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తేవడం మా పని. ప్రోగ్రామర్లు ఇద్దరు, అనువాదకులం నలుగురం. తెర మీద కనిపించే ప్రతి మాటా, ప్రతి హెచ్చరికా కొన్ని ఫైళ్ళలో ఉండేవి. ఆ ఫైళ్ళన్నీ ఆఫీసు సర్వరులో ఒకే ఫోల్డరులో ఉండేవి. ఎవరికి కావలసినది వారు తెరిచి, దిద్ది, మూసేవారు.

మా నలుగురిలో పెద్దవారిని అందరం మాస్టారు అనేవాళ్ళం. కళాశాలలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవారు. చూపుడువేలు ఒక్కదానితోనే టైపు చేసేవారు. కాని మాట విషయంలో ఆయనది తూకం తప్పని చెయ్యి. 'సేవ్' అన్నదానికి మేమందరం నిఘంటువు చూసి 'భద్రపరచు' అని రాస్తే, ఆయన దాన్ని కొట్టేసి 'దాచు' అని దిద్దారు. "రైతు గింజలు భద్రపరచడమ్మా, దాచుకుంటాడు" అన్నారు. ఇటువంటి దిద్దుబాట్లు మూడు వారాలపాటు కూర్చుని కొన్ని వందలు చేశారు. ఆ సోమవారం వచ్చి చూస్తే అవేవీ లేవు. అన్నిచోట్లా పాత మాటలే ఉన్నాయి.

బ్యాకప్ లేకపోలేదు. అయితే అది ప్రతి ఆదివారం రాత్రి, కిందటి వారపు నకలు మీదనే కొత్త నకలు రాసేది. అంటే చెడిపోయిన ఫైళ్ళనే అది శ్రద్ధగా దాచిపెట్టింది.

ఎవరు చేశారో చెప్పే ఆధారమేమీ లేదు. ఆధారం లేనిచోట అనుమానం ఎవరి మీదికి పోతుందో చెప్పనక్కరలేదు. "పెద్దవారు, అలవాటు లేని పని, దాచడం మరచిపోయి ఉంటారు" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. మాస్టారు వాదించలేదు. నెలాఖరున, కళ్ళు సహకరించడం లేదని కాగితం రాసిచ్చి మానేశారు.

ఆ పని పోగొట్టినది నేనని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

నేను చదువుకున్నది ఇంగ్లీషు సాహిత్యం. ప్రతులు తారుమారు కావడమన్నది సాహిత్య విద్యార్థికి కొత్త విషయం కాదు. 'హామ్లెట్' నాటకం 1603లో ఒకసారి అచ్చయింది. మరుసటి ఏడు దాదాపు రెండింతల నిడివితో మరోసారి వచ్చింది. షేక్‌స్పియర్ మరణించిన ఏడేళ్ళకు, 1623లో, మూడో రూపంలో వెలువడింది. ఏ పంక్తి కవి దిద్దినది, ఏది నటుడు మరచినది, ఏది అచ్చుకూర్చినవాడు చెడగొట్టినది అని పండితులు ఈనాటికీ తర్కించుకుంటున్నారు. మన పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ మహాభారతపు సంశోధిత ప్రతి కోసం 1919లో పని మొదలుపెట్టి 1966లో ముగించింది. వందలాది రాతప్రతులను పక్కపక్కన పరిచి, ఏది దేనికి నకలో తేల్చడానికి తరాలు గడిచాయి. ఆ లేఖకులలో ఒక్కరైనా "ఫలానా శ్లోకం ఫలానా కారణం చేత మార్చాను" అని తాటాకు అంచున రాసుకుని ఉంటే ఎంత శ్రమ తప్పేదో!

ప్రోగ్రామర్లు చేసినది సరిగ్గా అదే. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మార్క్ రోచ్‌కిండ్ అనే ఆయన ఒక ఏర్పాటు తయారుచేశాడు. ప్రోగ్రాములో ఎవరైనా మార్పు చేస్తే, కొత్త ప్రతిని మొత్తంగా దాచక, మారిన పంక్తులను మాత్రమే అది దాచేది. దానితోపాటు ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టేది. కావలసినప్పుడు వెనకటి ఏ రూపాన్నయినా తిరిగి కట్టి ఇచ్చేది. పదేళ్ళ తరువాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ దాన్ని తిరగవేశాడు: అందరికీ తరచు కావలసినది తాజా ప్రతే కనుక దాన్ని పూర్తిగా ఉంచి, పాతవాటిని దాని నుంచి వెనక్కి లెక్కగట్టే పద్ధతి పెట్టాడు.

ఈ రెండింటిలోనూ ఒక ఇబ్బంది ఉంది. మామూలు వాడుకలో, ఒకరు ఫైలు తీసుకుంటే దానికి తాళం పడుతుంది. వారు తిరిగి ఇచ్చేదాకా తక్కినవారు దాన్ని చదవగలరు గాని మార్చలేరు. గ్రంథాలయంలో ఒక్కటే ప్రతి ఉన్న పుస్తకం వంటిదన్నమాట. తీసుకున్నాయన పెళ్ళికి ఊరు వెళ్ళాడంటే అందరి పనీ ఆగుతుంది.

ఆ తాళం తీసిన కథ నాకు చాలా ఇష్టం. అందులో ఉన్నది ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు విద్యార్థులు, అంతే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు 1984 జూలైలో ఇద్దరు విద్యార్థులతో కలిసి సి భాషకు ఒక కంపైలరు రాయడానికి పూనుకున్నాడు. కంపైలరంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము; ఒక విధంగా అదీ మా కులవృత్తే. చిక్కేమిటంటే ముగ్గురి వేళలూ కలవవు. ఒక విద్యార్థి తొమ్మిదింటికి వచ్చి ఐదింటికి వెళ్ళే క్రమశిక్షణాపరుడు. రెండో అతను ఎప్పుడు వస్తాడో తెలియదు. గురువుగారికి సాయంకాలాలు తప్ప తీరిక లేదు. తాళాల పద్ధతిలో వీరి పని సాగేది కాదు.

అందుచేత గ్రూన్ వేరే దారి పట్టాడు. ముగ్గురి దగ్గరా మూడు నకళ్ళు ఉంటాయి, ఎవరి నకలులో వారు ఇష్టం వచ్చినప్పుడు రాసుకుంటారు, ఎవరినీ అడగనక్కరలేదు. పని ఒక కొలిక్కి వచ్చినప్పుడు దాన్ని ఉమ్మడి ప్రతిలో చేరుస్తారు. ఈలోగా మరొకరు వేరే పంక్తులు మార్చి ఉంటే యంత్రమే రెంటినీ కలుపుతుంది. ఇద్దరూ ఒకే పంక్తిని రెండు రకాలుగా మార్చి ఉంటే మాత్రం అది ఆగిపోతుంది. మీరే తేల్చుకోండని రెంటినీ చూపిస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే చోట చెయ్యి పెట్టడం నిజానికి అంత తరచుగా జరగదని ఆయన గ్రహించాడు. ఆ కాస్త ప్రమాదానికి భయపడి అందరికీ తాళాలు వేయడం దేనికి?

గ్రూన్ దీన్ని 1986లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. సీవీఎస్ అనే పేరుతో అది ఆ తరువాత చాలా ఏళ్ళు ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ఇక రెండో మలుపు 2005 ఏప్రిల్‌లో వచ్చింది. ఫిన్లాండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన లినక్స్ అప్పటికి ఎన్నో దేశాలవారి ఉమ్మడి కృషిగా పెరిగింది. మొదటి పదేళ్ళూ వారు తమ మార్పులను ఈమెయిలులో ఆయనకు పంపేవారు; ఆయన చదివి, నచ్చినవాటిని తన ప్రతిలో కలుపుకునేవాడు. పని మోయలేనంత అయినప్పుడు, 2002లో, ఒక వ్యాపారసంస్థ తయారుచేసిన బిట్‌కీపర్‌ను వాడసాగాడు. ఆ సంస్థ దాన్ని కొన్ని షరతులతో ఉచితంగా ఇచ్చింది. మూడేళ్ళకు షరతుల దగ్గర పేచీ వచ్చి ఉచిత సదుపాయాన్ని ఉపసంహరించుకుంది. అంత పెద్ద బృందానికి ఒక్కసారిగా చరిత్ర రాసుకునే పుస్తకం లేకుండా పోయింది.

టోర్వాల్డ్స్ లినక్స్ పని పక్కనపెట్టి, ఏప్రిల్ 3న కొత్త పనిముట్టు రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7 నాటికి అది తన చరిత్రను తానే నమోదు చేసుకునే స్థితికి వచ్చింది. దాని పేరు గిట్. జూన్‌లో విడుదలైన లినక్స్ రూపాన్ని దానితోనే నడిపారు. జూలైలో ఆ పనిముట్టు బాధ్యతను జునియో హమానో అనే జపాను దేశస్థుడికి అప్పగించి టోర్వాల్డ్స్ తన పనికి తాను వెళ్ళిపోయాడు.

గిట్‌లో మూడు సంగతులు చెప్పుకోదగినవి. మొదటిది, ఉమ్మడి ప్రతి ఒక్కచోటే ఉండదు. బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా ఆది నుంచి ఉన్న చరిత్ర అంతా ఉంటుంది. సర్వరు కాలిపోయినా ఏ ఒక్కరి యంత్రం నుంచయినా మళ్ళీ నిలబెట్టవచ్చు. రెండోది, ప్రతి నమోదుకూ దాని సారాన్ని బట్టి లెక్కగట్టిన 40 అక్షరాల వేలిముద్ర ఉంటుంది. అందులో దానికి ముందరి నమోదు వేలిముద్ర కూడా కలిసి ఉంటుంది. కనుక పాత నమోదులో ఒక్క అక్షరం మార్చినా ఆ తరువాతి వేలిముద్రలన్నీ మారిపోతాయి. చాటుగా చరిత్ర దిద్దడం సాధ్యం కాదు. అందుకే ప్రోగ్రామర్లలో ఒక మర్యాద ఉంది: నీ యంత్రంలో మాత్రమే ఉన్నదాన్ని ఎన్నిసార్లయినా దిద్దుకో, పదిమందితో పంచుకున్నదాన్ని మాత్రం దిద్దకు, దాని కింద కొత్త సవరణ చేర్చు. మూడోది, ఈమెయిలు రోజుల అలవాటు నుంచి వచ్చింది. మార్పు రాసినవారు ఒకరు, దాన్ని చేర్చినవారు మరొకరు కావచ్చు. గిట్ ఇద్దరి పేర్లూ వేరువేరుగా రాస్తుంది.

ఇప్పుడు మా ఆఫీసుకు వద్దాం. మాస్టారు వెళ్ళిపోయిన తరువాత, వరంగల్ నుంచి వచ్చిన ఒక కుర్ర ప్రోగ్రామరు మా బృందంలో చేరాడు. మా ఫోల్డరు తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. అందులో 'తుది', 'తుది కొత్తది', 'అసలు తుది', 'దీన్ని ముట్టుకోవద్దు' అన్న పేర్లతో పదకొండు నకళ్ళున్నాయి. "మేడమ్, వీటిలో ఏది నిజం?" అని అడిగాడు. నాకు తెలియదు.

అతను గిట్ పెట్టడానికి పట్టిన సమయం ఒక పూట. మాకు అలవాటు కావడానికి మూడు నెలలు. పనిముట్టు కన్నా ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయని అప్పుడు తెలిసింది. చరిత్రలోకి ఏవి వెళ్ళాలి, ఏవి వెళ్ళకూడదు? మనిషి రాసినవి వెళ్ళాలి. యంత్రం వాటి నుంచి తయారుచేసుకునేవి వెళ్ళనక్కరలేదు. పాస్‌వర్డులు ఎంతమాత్రమూ వెళ్ళకూడదు. ఒకసారి వెళ్ళినదాన్ని తరువాత తుడిచినా వెనకటి పుటల్లో అది అలాగే ఉంటుంది, నకలు తీసుకున్న ప్రతివారి దగ్గరా ఉంటుంది. అటువంటి ఫైళ్ళ పేర్లను ఒక పట్టీగా రాసి మొదటి రోజే లోపల పెట్టాడు.

తెలుగు తెచ్చిన చిక్కులు వేరు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరిపోకుండా మధ్యలో కనబడని గుర్తు ఒకటి వేస్తాము. అదే గుర్తు మాట చివర పడితే కంటికి ఏ తేడా ఉండదు. కాని యంత్రానికి అది వేరే మాట. ఒకరోజు మా ఇద్దరి ఫైళ్ళలో రెండు వందల చోట్ల తేడా ఉందని చూపించింది. కళ్ళు చికిలించి ఎంత చూసినా ఒక్కటీ కనబడలేదు. ఒకరి కీబోర్డు ఆ గుర్తును ప్రతి పొల్లు తరువాతా వేస్తున్నదని తేలింది. విండోస్ యంత్రం పంక్తి చివర రెండు గుర్తులు వేస్తే లినక్స్ యంత్రం ఒక్కటే వేస్తుంది. దానివల్ల ఫైలు మొత్తం మారిపోయిందని చెప్పిన రోజూ ఉంది. పోల్చడం పంక్తుల వారీగా జరుగుతుంది కనుక, పేరా అంతా ఒకే పంక్తిగా రాస్తే కామా మార్చినా పేరా అంతా మారినట్లే. వాక్యానికొక పంక్తి అని నియమం పెట్టుకున్నాక గాని మార్పులు తేటగా కనబడలేదు.

అన్నిటికన్నా కష్టమైనది కారణం రాయడం. మేము మొదట రాసినవి చూస్తే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది: 'మార్పులు', 'ఇంకొన్ని మార్పులు', 'సోమవారం మార్పులు'. ఏమి మార్చామో యంత్రమే చూపిస్తుంది. అది చెప్పలేనిది ఎందుకు అన్నది ఒక్కటే. "ఆర్నెల్ల తరువాత మీకు మీరే పరాయి మనిషి, మేడమ్. ఆ మనిషికి ఉత్తరం రాస్తున్నట్లు రాయండి" అన్నాడా అబ్బాయి.

మొదటి తగవు 'అప్‌లోడ్' దగ్గర వచ్చింది. నేను 'పంపు' అని మార్చాను. నా పక్క కుర్చీలోని ఆవిడ అదే రోజు, అదే పంక్తిని 'ఎక్కించు' అని మార్చింది. యంత్రం ఆగింది. ఏడు బాణపు గుర్తుల కింద ఒకరి మాట, మధ్యన ఒక గీత, ఆ తరువాత మరొకరి మాట పెట్టి ఊరకుంది. పాత పద్ధతిలో అయితే ఆఖరున మూసినవారి మాట నిలిచేది, రెండోవారికి తెలిసేది కూడా కాదు. ఇప్పుడు తప్పదు కనుక కుర్చీలు జరుపుకుని కూర్చున్నాం. రెండేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తూ ఒక మాట గురించి మేము తీరిగ్గా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. 'పంపు' నిలిచింది. ఆవిడ నేటికీ ఒప్పుకోదు.

అయితే యంత్రం ఊరకుంటే అంతా సవ్యంగా ఉందని భ్రమపడరాదు. ఒకరు అన్నిచోట్లా 'వినియోగదారు' తీసి 'రైతు' అని పెట్టారు. అదే వారం మరొకరు 'వినియోగదారు' అంటూ పాతిక కొత్త వాక్యాలు చేర్చారు. పంక్తులు వేరు కనుక రెండూ చక్కగా కలిసిపోయాయి. తెర మీద రైతూ వినియోగదారూ ఇద్దరు వేరువేరు మనుషులయ్యారు. దానికి మందు ఒకటే: చేర్చేముందు మరొక మనిషి చదవాలి.

ఇక మొదట ఆపిన సంగతి. ఆ అబ్బాయి చరిత్రను ఖాళీ పుటతో మొదలుపెట్టడానికి ఇష్టపడలేదు. పాత నకళ్ళు ఎవరి దగ్గర ఏవి ఉన్నా తెమ్మన్నాడు. తేదీల వరుసలో పేర్చి, వాటిని తొలి నమోదులుగా వేస్తానన్నాడు. నేను నా పెన్‌డ్రైవు ఇచ్చాను. మరునాడు నన్ను పిలిచి తెర చూపించాడు. సర్వరులో ఉన్న ఫైళ్ళూ, నా పెన్‌డ్రైవులో ఉన్నవీ అక్షరం తేడా లేకుండా ఒకటే. నేను ఇంటి దగ్గర చేసిన అచ్చుతప్పుతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేసవిలో అమ్మకు బాగులేక మూడు వారాలు ఊళ్ళో ఉన్నాను. ఫోల్డరంతా పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్ళి, రాత్రిళ్ళు ఒకే ఒక్క ఫైలు మీద పనిచేశాను. ఆదివారం సాయంత్రం రైలు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్ళి, ఫోల్డరు మొత్తాన్నీ సర్వరు మీద వేశాను. పాతవాటి స్థానంలో వీటిని ఉంచాలా అని కంప్యూటరు అడిగింది. అన్నిటికీ అవునన్నాను.

ఆ అబ్బాయి ఏమీ అనలేదు. చరిత్ర నకలు నా లాప్‌టాప్‌లో వేసి, "ఈ ఒక్క నమోదుకు కారణం మీరు రాయండి మేడమ్. సోమవారం అందరికీ తెరుస్తాను" అన్నాడు.

ఆ ఆదివారం నల్లకుంటలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. చెప్పవలసినది గుమ్మంలోనే చెప్పేశాను, లోపల కూర్చుంటే చెప్పలేనేమోనని. ఆయన విన్నారు. కాఫీ తెమ్మని లోపలికి కేకవేసి, బీరువా మీద నుంచి పొడవాటి నోటుపుస్తకం ఒకటి దించారు. ప్రతి పుటలోనూ తేదీ, పాత మాట, కొత్త మాట, దాని ఎదుట ఒక్క ముక్కలో కారణం. మూడు వారాల దిద్దుబాట్లూ ఉన్నాయి.

"ఇది అప్పుడే చూపించవలసింది మాస్టారూ" అన్నాను.

"దిద్దింది ఏమిటని ఎవరూ అడగలేదమ్మా. దాచానా లేదా అనే అడిగారు" అన్నారు.

ఆ తరువాత నాలుగు ఆదివారాలు ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను. ప్రతి నమోదులోనూ రాసినవారు ఆయన, చేర్చినది నేను. కాని ఆ మొదటి రోజున ఆయన అడిగినది వేరు. ఆదివారం జరిగినది కూడా ఇందులో ఉంటుందా అని అడిగారు. ఉంటుందని, నేను రాసినది తెర మీద చూపించాను: 'పెన్‌డ్రైవులోని పాత ఫైళ్ళు పొరపాటున కొత్తవాటి మీద పడినవి.'

కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఇది మార్చడానికి వీలుందా?" అన్నారు.

ఉందన్నాను. అది ఇంకా నా యంత్రం దాటలేదు.

"అయితే 'పడినవి' తీసెయ్యమ్మా" అన్నారు. "'వేశాను' అని రాయి."